బండిలో ఏ దోషమూ లేదన్నాను

ఇప్పటి కార్లలో పెట్రోలు ఆవిరి గాల్లో కలిసిపోకుండా ఒక బొగ్గు డబ్బా పట్టి ఉంచుతుందట. ఇంజన్ నడుస్తున్నప్పుడు ఆ ఆవిరిని ఇంజనే పీల్చుకుంటుందట. ఆవిరి వెళ్ళే దారిలో ఎక్కడైనా లీకైతే, ఆఖరికి ట్యాంకు మూత సరిగా బిగించకపోయినా, స్టీరింగు వెనక పసుప్పచ్చ దీపం వెలుగుతుంది. ఈమధ్య ఒక షెడ్డులో కుర్ర మెకానిక్కులు కంప్యూటరు తగిలించి ఇదంతా నాకు చూపించారు. చూసి సంతోషించాను. మా కాలంలో అలాంటి దీపం లేదు. దోషం ఎక్కడుందో తెలియనప్పుడు మేం మనుషుల్ని అనుమానించేవాళ్ళం.

నేను చెప్పబోయేది డెబ్బైల నాటి సంగతి. పెట్రోలు ధర ఒక్కసారిగా పెరిగి, కార్లున్నవాళ్ళు కూడా బస్సెక్కడం మొదలుపెట్టిన రోజులవి. తిరువూరులో బెజవాడ రోడ్డు పక్కన నాకు రేకుల షెడ్డు ఉండేది. అందులో సగం నాది, సగం బ్యాటరీలూ వైరింగూ చూసే ఎలక్ట్రీషియన్‌ది. అతనికి చేతి పని తక్కువ, నోటి పని ఎక్కువ. పక్కనే టీ కొట్టు. ఊళ్ళో ఏం జరిగినా ముందు ఆ కొట్టుకి వచ్చి, టీ తాగి, ఆ తర్వాతే మిగతా ఊరికి వెళ్ళేది.

ఊళ్ళో ఉన్న కొద్ది కార్లలో ఒకటి ఒక బియ్యం మిల్లు యజమానిది. పాత పెద్ద కారు. దాన్ని నడిపే డ్రైవరు నాకంటే పదేళ్ళు పెద్దవాడు. పొడుగ్గా, తక్కువ మాటలతో ఉండేవాడు. ఊరి చివర పేటలో ఇల్లు. అక్కడి చర్చిలో సంఘపెద్ద కూడా. బండి నా దగ్గరికి తెచ్చినప్పుడల్లా పని అయ్యేదాకా బల్ల మీద కూర్చుని టీ తాగేవాడు. ఏం చేశావు, ఎందుకు చేశావు అని ఒక్కసారి కూడా అడగలేదు. నా మీద ఆయనకి అంత నమ్మకం.

ఆ ఏడు మాఘమాసంలో యజమాని కబురు పెట్టాడు. వాళ్ళమ్మగారు కారెక్కితే చాలు, పెట్రోలు వాసనకి వాంతి చేసుకుంటోందట. చూశాను. వెనక ట్యాంకు మూత దగ్గరినుంచి వస్తోంది వాసన. మూతకి సన్నని బెజ్జం ఉంటుంది. సైకిలు ట్యూబు రబ్బరు గుండ్రంగా కత్తిరించి, మూత లోపల వేసి గట్టిగా బిగించాను. వాసన ఆగిపోయింది. పెద్దావిడ ఊరంతా ఒకసారి తిరిగొచ్చి, "నాయనా, నీ చెయ్యి చల్లగుండ! ఇప్పుడు కొడుకుతోపాటు నేనూ పోతా ఎక్కడికైనా" అంది. ఆ మెప్పుతో రెండు రోజులు పొంగిపోయాను.

మెకానిక్కులు ఈపాటికి తల పట్టుకుని ఉంటారు. మిగతావాళ్ళ కోసం చెబుతాను. ట్యాంకులోంచి పెట్రోలు ఇంజన్‌కి వెళ్ళిన కొద్దీ ఆ చోటులోకి బయటి గాలి రావాలి. ఆ బెజ్జం అందుకే. అది మూసేస్తే లోపల గాలి పలచబడి, పెట్రోలుని వెనక్కి పట్టుకుంటుంది. పంపు ఎంత లాగినా రాదు. బండి ఆగిపోతుంది. బెజవాడలో నాకు పని నేర్పిన పెద్దమేస్త్రి ఇది ఏనాడో చెప్పాడు. విన్నాను, తలూపాను, మరిచిపోయాను. వాసన వస్తున్నప్పుడు ఆ బెజ్జం నా కంటికి ఒక లీకులాగానే కనిపించింది.

బండి వెంటనే ఆగి ఉంటే అప్పుడే తెలిసిపోయేది. కానీ ఊళ్ళో తిరిగినంతసేపూ బాగానే ఉండేది. వేసవి మొదలయ్యాక, బెజవాడ ప్రయాణాలప్పుడు, రెడ్డిగూడెం వైపు మామిడి తోటల దగ్గర ఆగడం మొదలైంది. అదీ ట్యాంకు నిండా కొట్టించిన రోజుల్లో. నిండా ఉన్నప్పుడు లోపల గాలికి చోటు తక్కువ కాబట్టి తొందరగా పలచబడుతుంది. ఇది నాకిప్పుడు తెలుసు. అప్పుడు మా ఎలక్ట్రీషియన్ దానికి వేరే అర్థం చెప్పాడు.

"నిండా ఉన్న రోజే ఆగుతోందంటగా? ఖాళీ ట్యాంకులో దొంగకి పనేముంటుందిరా!"

టీ కొట్టు దగ్గర అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

ఆ మాటకి కారణం ఉంది. ఆ కారులో పెట్రోలు ఎంతుందో చూపే ముల్లు పని చేసేది కాదు. ఆ రోజుల్లో చాలా బండ్లు అంతే. డ్రైవర్లు వెదురు పుల్ల ఒకటి దగ్గర పెట్టుకుని, మూత తీసి ట్యాంకులోకి దింపి, తడి ఎంతవరకు ఉందో చూసేవాళ్ళు. బండి ఎక్కడ ఆగినా డ్రైవరు మొదట చేసే పని అదే. ఈయనా అదే చేసేవాడు. బండి ఆగగానే దిగి, మూత తీసి, పుల్ల పెట్టి చూసి, మూత బిగించి, కాసేపాగి మళ్ళీ సెల్ఫ్ కొట్టేవాడు. మూత తీసినప్పుడు గాలి లోపలికి వెళ్ళేది కాబట్టి బండి కదిలేది. ఆయనకి ఆ సంగతి తెలియదు. "ఎండకి వేడెక్కిందండీ, చల్లారాక లేచింది" అని చెప్పేవాడు.

ఒకసారి మిల్లు పని మీద ఒక్కడే వెళ్తూ తోటల దగ్గర అలా మూత తీసి నిలబడ్డప్పుడు, బస్సులో పోతున్న కండక్టరు చూశాడు. సాయంత్రానికి ఆ కబురు టీ కొట్టుకి చేరింది. "తోటలో కారు ఆపి, ట్యాంకు మూత తీసి, అటూ ఇటూ చూస్తున్నాడు." అటూ ఇటూ చూడటం కండక్టరు చూశాడో, టీ కొట్టులో కలిసిందో చెప్పలేను.

యజమాని బండిని నా దగ్గరికి పంపాడు. ప్లగ్గులు తుడిచాను, పాయింట్లు మార్చాను, కార్బరేటర్ విప్పి కడిగాను, పంపు విప్పి చూశాను. ట్యాంకు మూత మాత్రం ముట్టుకోలేదు. అది నేనే బాగుచేసింది కదా, దాన్ని అనుమానించాలని కూడా తట్టలేదు. అన్నీ అయ్యాక ఊళ్ళోనే నాలుగు వీధులు తిప్పాను. గడియారంలా నడిచింది.

సాయంత్రం యజమాని వచ్చి, డ్రైవరు వినకుండా నన్ను పక్కకి పిలిచాడు.

"ఏమయ్యా మేస్త్రీ, నిజం చెప్పు. దోషం బండిదా, మనిషిదా?"

మనిషి సంగతి నాకు తెలియదండి అనొచ్చు. బండి ఎందుకు ఆగుతోందో నాకింకా అంతుపట్టలేదండి అనొచ్చు. ఈ రెండోది చెప్పడం నాకు చేతకాలేదు. ఊళ్ళో ఉన్న ఒకే ఒక్క కారు మేస్త్రిని, నాకు అంతుపట్టలేదంటే ఇంకేముంది?

"బండిలో ఏ దోషమూ లేదండి" అన్నాను.

దొంగ అనే మాట నేను ఎక్కడా వాడలేదు. చాలాకాలం ఆ సాకు చాటున దాక్కున్నాను. నేను అన్నదానికి ఆయన ఏ అర్థం తీసుకుంటాడో ఆ క్షణంలోనే నాకు తెలుసు. ఇంకొకటి కూడా ఒప్పుకోవాలి. ఆ డ్రైవరు పేట మనిషి కాకుండా, మా వీధి మనిషే అయి ఉంటే, ఆ మాట నా నోటినుంచి అంత తేలిగ్గా వచ్చేది కాదు.

యజమాని చెడ్డవాడు కాదు. పద్ధతిగా తేల్చుకుందామన్నాడు. శనివారం అమ్మగారిని నెమలి అనే ఊరు తీసుకెళ్ళాలి, వేణుగోపాలస్వామి దర్శనానికి. "ట్యాంకు నిండా కొట్టిద్దాం. నువ్వు నడుపు. వాడు నీ పక్కన కూర్చుంటాడు. వెనక్కి పోడు, మూత ముట్టడు. ఆగకపోతే ఆదివారం నుంచి వాడు పనిలోకి రానక్కర్లేదు."

శనివారం పొద్దున బయల్దేరాం. వెనక సీట్లో తల్లీ కొడుకూ. ముందు నేనూ డ్రైవరూ. తన సీట్లో నేను కూర్చోవడంతో ఆయనకి చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఒళ్ళో పెట్టుకుని, గేరు మార్చాల్సిన చోటల్లా ఎడం కాలు కొద్దిగా కదిపేవాడు. పరీక్ష సంగతి ఆయనకి తెలుసు. పెద్దావిడ మాత్రం దారిలో ప్రతి పత్తి చేనూ ఎవరిదో చెబుతూ వచ్చింది.

నెమలి ఇంకా దూరం ఉండగా ఇంజన్ ఒకసారి దగ్గింది. యాక్సిలేటరు తొక్కాను. ఇంకోసారి దగ్గి ఆగిపోయింది.

వెనకనుంచి యజమాని గొంతు వచ్చింది. "దోషం లేదన్నావుగా మేస్త్రీ?"

బానెట్ ఎత్తాను. ఎండలో పంపు వేడెక్కితే తడిగుడ్డ వేయడం అందరికీ తెలిసిన వైద్యం. వేశాను. సెల్ఫ్ కొట్టాను. లేవలేదు. ప్లగ్గు తీసి చూశాను, నిప్పు బాగానే వస్తోంది. పంపు దగ్గర గొట్టం ఊడదీశాను, పెట్రోలు చుక్క కూడా రాలేదు. చెమట కళ్ళలోకి కారుతోంది. డ్రైవరు రోడ్డు అవతలి పక్కన, ట్యాంకుకి దూరంగా నిలబడ్డాడు. ఎవరూ చెప్పకుండానే అక్కడికి వెళ్ళి నిలబడ్డాడు.

కాసేపటికి అక్కడినుంచే అడిగాడు. "పుల్ల పెట్టి చూడమంటారా అయ్యగారూ? ఒక్కోసారి ఈలోపు లేస్తదండి."

"నువ్వు అక్కడే ఉండు" అన్నాడు యజమాని.

"నేను చూస్తాలెండి" అని వెనక్కి వెళ్ళి మూత తిప్పాను.

మూత వదులవగానే, నీళ్ళలో మునిగి పైకి తేలినవాడు ఊపిరి పీల్చినట్టు, పెద్ద చప్పుడుతో గాలి లోపలికి వెళ్ళింది. మూత నా చేతిలో ఉంది. దానికి నా రబ్బరు ముక్క అంటుకుని ఉంది, నడుమ లోపలికి గుంటపడి.

అంతా ఒక్కసారిగా అర్థమైంది. పెద్దమేస్త్రి మాట, నిండా ఉన్న రోజులు, పుల్ల, తోటలు. అర్థమయ్యాక నేను చేసిన పని ఏమిటంటే, రబ్బరు ముక్క ఊడదీసి జేబులో దాచుకున్నాను. మూత బిగించి, ముందుకొచ్చి, గొట్టం తగిలించి సెల్ఫ్ కొట్టాను. బండి లేచింది.

"ఏముంది?" అన్నాడు యజమాని.

"పంపులో చెత్తండి."

బండి కదిలాక ఆయన వెనకనుంచి తనలో తాను తర్కించుకోవడం మొదలుపెట్టాడు. "ఇవాళంటే చెత్త అడ్డం పడింది. మరి అన్నిసార్లూ చెత్తేనా? నువ్వు పంపు విప్పి చూశావుగా మొన్న. చెత్తుంటే నీకు దొరక్కపోయేదా?"

నేను గేరు మార్చాను. పక్కన డ్రైవరు రోడ్డునే చూస్తున్నాడు.

ఇంతలో పెద్దావిడ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది. "ఒరే, మళ్ళీ కంపు కొడుతోందేంట్రా? పోయిందనుకున్నానే! నాయనా మేస్త్రీ, కాస్త ఆపు, నిమ్మకాయ సంచీలో ఉంది..."

బండి ఆపాను. ఆవిడ నిమ్మకాయ వాసన చూస్తున్నంతసేపూ యజమాని నా వీపుకేసి చూస్తున్నట్టే అనిపించింది. బండి లేవడం, వాసన తిరిగి రావడం, ఈ రెండిటినీ ఆయన కలిపి చూడలేదు. చూసి ఉంటే నాకు కష్టం తప్పేది.

నెమలిలో వాళ్ళిద్దరూ గుళ్ళోకి వెళ్ళారు. నన్నూ రమ్మన్నారు. చేతులు నల్లగా ఉన్నాయని ఉండిపోయాను. డ్రైవరు ఎప్పటిలాగే గుడ్డ తీసుకుని అద్దం తుడవడం మొదలుపెట్టాడు. నేను ఒక్కణ్ణే ఉన్నప్పుడైనా బండికి ఏమైందని అడుగుతాడనుకున్నాను. అడగలేదు. నేనే కదిపాను.

"రేపు ఆదివారం కదా, చర్చి ఉంటుందిగా మీకు?"

"ఉంటదండి. వెళ్ళొస్తా. కానుకల సంచి మాత్రం పట్టుకోవట్లేదు."

"అదేంటి?"

"ప్రతి వారం నేనే పట్టుకు తిరిగేవాణ్ణి గదండీ. ఈ మాట పుట్టాక పాస్టరు గారికి నేనే చెప్పా, ఇంకొకళ్ళకివ్వండి అని. దొంగన్న మాట మీదున్నోడు సంచి చాపాడని రేపు తెలిస్తే, వేసినవాళ్ళకి ఎట్టా ఉంటది?" అద్దం మీద ఏదో మరక ఉన్నట్టు ఒకేచోట రుద్దుతున్నాడు. "ఉద్యోగం పోతే ఇంకోటి చూసుకుంటా. లారీలైనా ఉన్నాయి."

జేబులోంచి రబ్బరు ముక్క తీసి చూపించాను. అదేమిటో, ఏం చేసిందో చెప్పాను. పంపులో చెత్త లేదనీ చెప్పాను. ఆయన ఆ ముక్కని తీసుకుని, వెలుగులో పెట్టి చూసి, వేలితో సాగదీసి చూశాడు.

"ఇదా?" అన్నాడు.

"ఇదే."

"అయితే నేను మూత తీసినప్పుడల్లా బండి బాగవుతున్నదన్నమాట."

"అవును."

ఆయన నవ్వుతాడేమో అనుకున్నాను. లేదా తిడతాడనుకున్నాను. ముక్క నా చేతిలో పెట్టి, "అయ్యగారికి మీరే చెప్పాలండి. నేను చెప్తే నమ్మరు" అన్నాడు. అంతే. మళ్ళీ అద్దం తుడవడం మొదలుపెట్టాడు.

వాళ్ళు ప్రసాదంతో బయటికి రాగానే చెప్పాను. రబ్బరు ముక్క ముందుకు చాపాను. యజమాని ముఖం ఎర్రబడింది. "మరి దారిలో చెత్తన్నావేంటయ్యా? నీ మాట మీద కాదూ నేను పాతికేళ్ళ నౌకరుని..." అని ఆగిపోయాడు. ఆయన మాట మధ్యలోనే పెద్దావిడ డ్రైవరు దగ్గరికి వెళ్ళి, ఆకులో చక్రపొంగలి ఆయన చేతిలో పెట్టింది. "నా ముక్కు కోసం పెట్టిన ముక్క, అబ్బాయీ, నీ మెడకి చుట్టుకుంది" అంది. డ్రైవరు ఆకు కళ్ళకద్దుకుని తీసుకున్నాడు. తిరుగు ప్రయాణంలో స్టీరింగు ఆయన దగ్గరే ఉంది.

దిగేటప్పుడు యజమాని నాతో, "అయిందేదో అయింది. ఇంక దీన్ని ఎక్కడా ఎత్తకు" అన్నాడు. పెద్దమనిషి సలహా. వినలేదు.

నా చేత్తో చెడింది నేనే సరిచేయాలన్న పట్టుదల పట్టుకుంది. ముందు టీ కొట్టులో చెప్పాను. ఎలక్ట్రీషియన్ ఆసాంతం విని, "మిల్లాయన నిన్ను బెదిరించాడా ఏంట్రా?" అన్నాడు. కండక్టరుకి చెబితే, "ఏమో గురూ, నేను చూసింది చూశా" అన్నాడు. దొంగ మాటని నమ్మడానికి వాళ్ళకి ఒక్క టీ పట్టింది. దోషం బండిదన్న మాట ఎన్ని టీలు తాగించినా లోపలికి పోలేదు. అప్పుడు నాకొక గొప్ప ఆలోచన వచ్చింది.

ఆ పై ఆదివారం తలంటుకుని, ఉతికిన చొక్కా వేసుకుని చర్చికి వెళ్ళాను. ప్రార్థన అయ్యాక పాస్టరు గారి అనుమతి అడిగి, ముందుకి వెళ్ళి నిలబడి చెప్పాను. మీ సంఘపెద్ద మీద పెట్రోలు దొంగతనం మోపారనీ, అది అబద్ధమనీ, దోషం నాదనీ, క్షమించమనీ చెప్పాను. చెప్పేటప్పుడు నా కళ్ళు తడయ్యాయి. గుండె మీద బరువు దిగిపోయింది. పాస్టరు గారు నా భుజం తట్టాడు. కానుకల సంచి తెప్పించి డ్రైవరు చేతికిచ్చాడు. ఆయన దాన్ని పట్టుకుని, తల దించుకుని వరసల మధ్య తిరిగాడు.

బయట వేపచెట్టు కింద నన్ను కలిశాడు. థాంక్స్ చెబుతాడనుకున్నాను. చెప్పకపోతే బాగుండునని పైకి అనుకుంటూనే ఎదురుచూశాను.

"ఎందుకండీ మేస్త్రీగారూ, ఇట్టా చేశారు?" అన్నాడు.

"అందరికీ నిజం తెలియాలని..."

"ఊళ్ళో ఎట్టా ఉన్నా, మా పేటలో ఆ మాట పాస్టరు గారికీ, ఇంకో ఇద్దరు ముగ్గురికీ తప్ప ఎవరికీ తెలీదండి. నా పిల్లలకి కూడా తెలీదు. సంచి ఎందుకు మానేశానంటే భుజం నొప్పని చెప్పా. ఇప్పుడు అందరికీ తెలిసింది." నన్ను నొప్పించానేమోనన్నట్టు, "మీరు మంచికే చేశార్లెండి" అన్నాడు. ఆయన కూతురు దూరంగా నిలబడి మమ్మల్నే చూస్తోంది.

అక్కడ నాకు తెలిసింది. మొదటిసారి నా పేరు కాపాడుకోవడానికి ఆయన మీద మాట పడనిచ్చాను. రెండోసారి నా మనసు తేలిక చేసుకోవడానికి ఆయన్ని జనంలో నిలబెట్టాను. రెండుసార్లూ ఆయన్ని ఒక్క మాట అడగలేదు. అడిగి ఉంటే, భుజం నొప్పి సంగతి చెప్పి ఉండేవాడు.

మర్నాడు ఎలక్ట్రీషియన్ నన్ను చూసి, "ప్రసంగం బాగా చేశావంటగా! వచ్చే ఆదివారం ఏ ఊళ్ళో?" అన్నాడు. ఆ రోజు అతని మీద కోపం రాలేదు. అతని వేళాకోళంలో కొంత న్యాయం ఉంది.

డ్రైవరు ఆ ఉద్యోగంలోనే ఉన్నాడు. బండి నా దగ్గరికే తెచ్చేవాడు. నాతో ఎప్పటిలాగే మర్యాదగా మాట్లాడేవాడు, బల్ల మీద కూర్చుని టీ తాగేవాడు. కొంతకాలానికి మా ఇద్దరి మధ్యా అంతా సర్దుకుందనే అనుకున్నాను. పెట్రోలు బంకులో ఒక పొద్దున ఆయన్ని చూసేదాకా అలాగే అనుకున్నాను. నేను వేరే బండికి పెట్రోలు పోయిస్తుంటే ఆయన కారు వచ్చి ఆగింది. దిగి, కారు ముందుకి నడిచి వచ్చి, చేతులు రెండూ వెనక్కి కట్టుకుని, అందరికీ కనిపించే చోట నిలబడ్డాడు. "మూత కాస్త మీరే తియ్యండి" అన్నాడు బంకు మనిషితో. పెట్రోలు పోయడం అయ్యేదాకా అటు తిరగలేదు.

"ఎప్పుడూ ఇంతేనా?" అని ఆయన వెళ్ళాక బంకు మనిషిని అడిగాను.

"ఎప్పుడూ అంతేనండి. ఆ మూత ఆయన ముట్టగా నేను చూళ్ళేదు" అన్నాడతను. అతను కొత్తగా వచ్చినవాడు, ఈ కథ ఏదీ తెలియదు. "పెట్రోలు వాసన పడదేమోనండీ ఆయనకి" అన్నాడు.